బట్ట సంగతి పరుగెత్తే పిల్లనే అడగండి

2023 జూలైలో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచింది. సెక్యూరిటీ గార్డు కూతురు. ఆ పరుగు వీడియోను మా ఇంట్లో అందరికీ చూపించాను. మొత్తం పది హర్డిల్స్. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య ఎనిమిదిన్నర మీటర్ల దూరం. ఆ దూరంలో సరిగ్గా మూడే అంగలు పడాలి. ఒక అంగ కాస్త కురచైనా తర్వాతి హర్డిల్ మోకాలికి తగులుతుంది. ఇవన్నీ చెబుతూ చూపించాను. అందరూ సంతోషపడ్డారు. ఆ వెంటనే మా పెద్దమ్మ వరస ఆవిడ, "పిల్ల బంగారమే గానీ, ఇంకాస్త నిండుగా వేసుకుంటే ఏం పోయేదే?" అంది. చుట్టూ ఉన్న మగవాళ్లు తలూపారు. అక్కడి నుంచి మాటలు బట్ట మీదికి మళ్లాయి. పరుగు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ తమిళనాడులోని విరుదునగర్ జిల్లా ఆడపిల్లల బడుల్లో పీటీ టీచరుగా ఉన్నాను. తిరుచ్చులి, కారియాపట్టి, నరిక్కుడి, అరుప్పుకోట చుట్టుపక్కల పల్లెల పిల్లలే నా పిల్లలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మైదానంలో విజిల్. ఆడపిల్లలు ఏం వేసుకుని పరుగెత్తాలన్న తగవు ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది. అందులో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ కొలత కంపెనీ తేల్చకూడదు, ఫెడరేషన్ తేల్చకూడదు, టీవీవాళ్లు తేల్చకూడదు, కులపెద్దలు తేల్చకూడదు, నాలాంటి టీచరూ తేల్చకూడదు. పరుగెత్తే పిల్లే తేల్చుకోవాలి. అలా తేల్చుకోవడానికి నాలుగు రకాల బట్టలు ఆమె ముందు నిజంగా ఉండాలి.

తగవు ఈ మధ్య రాజుకున్నది 2024 ఏప్రిల్‌లో. పారిస్ ఒలింపిక్స్ కోసం అమెరికా ట్రాక్ జట్టుకు నైకీ కంపెనీ కుట్టిన దుస్తుల్ని బొమ్మలకు తొడిగి చూపించారు. మగబొమ్మకు తొడల సగం దాకా నిక్కరు ఉంది. ఆడబొమ్మకు తొడిగిన ఒంటిదుస్తును తుంటి ఎముక పైదాకా కోసేశారు. అది తొడుక్కుని స్టార్టింగ్ బ్లాక్ మీద వంగిన అమ్మాయికి పరుగు మీద ధ్యాస ఎలా ఉంటుంది? అమెరికాలో 5000 మీటర్ల మాజీ చాంపియన్ లారెన్ ఫ్లెష్‌మన్ వెంటనే అడిగింది కూడా అదే. పరుగుకు ఇది నిజంగా పనికొచ్చేదైతే మగవాళ్లూ ఇదే తొడుక్కునేవాళ్లు కదా అని ఆమె అన్న మాట నాకు నూటికి నూరు పాళ్లు సబబనిపించింది. దాదాపు 50 రకాలు తయారుచేశామని, అథ్లెట్లు అందులోంచి తమకు నచ్చింది తీసుకోవచ్చని కంపెనీ జవాబిచ్చింది. మరి యాభై రకాలుంటే లోకానికి చూపించడానికి ఆ ఒక్కటే ఎందుకు బయటికి వచ్చింది?

బట్ట బిగుతుగా ఎందుకు ఉండాలో నాకు తెలుసు. తెలియని పెద్దలకు చెప్పడం నా పని కూడా. వదులు గుడ్డ గాలికి కొట్టుకుంటుంది, గాలిని పట్టుకుంటుంది. వంద మీటర్ల పరుగులో సెకనులో వందో వంతు కూడా లెక్కకొస్తుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో మన పీటీ ఉష 400 మీటర్ల హర్డిల్స్ కంచు పతకాన్ని పోగొట్టుకున్నది ఆ వందో వంతు తేడాతోనే. ఆమెది 55.42, రొమేనియా అమ్మాయిది 55.41. లాంగ్ జంప్‌లో ఇసుక మీద పడ్డ గుర్తుల్లో దూకే పలకకి ఎక్కువ దగ్గరగా ఉన్న గుర్తు దగ్గరే టేపు పెడతారు. ఆ గుర్తు కాలిదైనా, చేతిదైనా, ఒంటి మీది గుడ్డదైనా ఒకటే లెక్క. హైజంప్‌లో నిక్కరు అంచు తగిలి బార్ పడిపోవడం నేను కళ్లారా చూశాను. కాబట్టి బట్ట ఒంటికి అతుక్కుని ఉండాలంటే ఒప్పుకుంటాను. ఒంటికి అతుక్కున్న బట్ట మోకాలి దాకా ఉంటే మాత్రం నష్టమేమిటో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు.

నష్టమేమీ లేదని సిడ్నీలో రుజువైంది కూడా. 2000 సెప్టెంబరు 25న ఆస్ట్రేలియా ఆదివాసీ అమ్మాయి కాథీ ఫ్రీమన్ 400 మీటర్ల ఫైనల్‌కు తల నుంచి మడమల దాకా కప్పిన దుస్తు తొడుక్కుని వచ్చింది. తల మీద టోపీ కూడా ఆ దుస్తులోదే. 49.11 సెకన్లలో గెలిచింది. అప్పటికి ఆరు రోజుల ముందు అదే సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో మన దేశపు ఆడకూతురికి దక్కిన మొదటి పతకం అది. ఆవేళ మా వీధిలో పెద్దలు ఆమె బట్ట గురించి ఒక్క మాటా అనలేదు. అంత బరువు నెత్తిమీద నిలబెట్టిన మనిషి భుజాలే చూశారు. మనసు పెడితే మనవాళ్లకు అలా చూడటం చేతనవుతుందని ఆ రోజే తెలిసింది.

తర్వాత 2006లో దోహా ఆసియా క్రీడల్లో బహ్రెయిన్ అమ్మాయి రుకాయా అల్ ఘస్రా తలకు ముసుగు కట్టి, ఒళ్లంతా కప్పుకుని 200 మీటర్లు గెలిచింది. వెయిట్ లిఫ్టింగ్ సమాఖ్య కూడా ఒళ్లంతా కప్పే దుస్తును 2011లో ఒప్పుకుంది. ప్రపంచ అథ్లెటిక్స్ నిబంధనల్లో ఆడవాళ్ల బట్ట ఇంతే ఉండాలన్న కొలత ఎక్కడా లేదు. శుభ్రంగా ఉండాలి, చూసేవాళ్లకు అభ్యంతరకరంగా ఉండకూడదు, తడిసినా లోపలిది కనబడని గుడ్డ అయ్యుండాలి. అంతే. నిబంధనలో లేనిది మైదానంలోకి ఎట్లా వచ్చింది? స్పాన్సరు ఇచ్చింది తొడుక్కోవాలి, జట్టంతా ఒకే తీరుగా కనబడాలి, పక్క అమ్మాయి తొడుక్కుంది కాబట్టి మనమూ తొడుక్కోవాలి. అలా వచ్చి అలవాటుగా స్థిరపడింది.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది 2021 జూలై. బల్గేరియాలో యూరప్ బీచ్ హ్యాండ్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. ఆడవాళ్లు బికినీయే తొడుక్కోవాలి, దాని పక్క అంచు పది సెంటీమీటర్లు దాటకూడదు అని నిబంధన. నార్వే అమ్మాయిలు ఇక మావల్ల కాదని నిక్కర్లు తొడుక్కుని ఆడారు. జట్టుకు 1,500 యూరోల జరిమానా వేశారు. సరిగ్గా అదే నెలలో ఇంగ్లండ్‌లో పారాలింపిక్స్ క్రీడాకారిణి ఒలీవియా బ్రీన్ లాంగ్ జంప్ ముగించి వస్తుంటే, నీ దుస్తు మరీ కురచగా ఉంది, బాగాలేదు అని అక్కడి అధికారి ఒకామె అంది. ఒకచోట బట్ట ఎక్కువైందని జరిమానా. ఇంకొకచోట తక్కువైందని మందలింపు. రెండుచోట్లా ఆడినవాళ్లను అడిగిన దిక్కు లేదు. నార్వే పిల్లలు ఊరుకోలేదు, లోకమంతా వాళ్ల పక్షాన మాట్లాడింది, ఆ ఏడాది చివరికల్లా హ్యాండ్‌బాల్ సమాఖ్య నిక్కర్లకు ఒప్పుకుంది. అదే ఏడాది జర్మనీ జిమ్నాస్ట్‌లు టోక్యోలో చీలమండల దాకా ఉన్న ఒంటిదుస్తుల్లో దిగారు. మా ఒంటికి ఏది హాయో మేమే చూసుకుంటాం అన్నారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది.

మా మైదానాల్లోనూ ఇదే జరుగుతుంది. జరిమానా ఉండదు, మాట ఉంటుంది. ఒకసారి జిల్లా పోటీల్లో నా పిల్ల ఒకతి నిక్కరు కింద నల్లటి టైట్స్ తొడుక్కుని 400 మీటర్లకు నిలబడింది. ఆ రోజు ఆ పిల్లకు అది అవసరం. "యూనిఫాం కాదు, తీసేసి రా" అన్నాడు గీత దగ్గరున్న అధికారి. పక్కనే గ్యాలరీలో పిల్ల తండ్రి, మేనమామ కూర్చుని ఉన్నారు. టైట్స్ తీసేస్తే వాళ్ల ముందు నిలబడలేదు, తీయకపోతే పరుగెత్తనివ్వరు. నేను వెళ్లి వాదించి ఒప్పించేసరికి తుపాకీ పేలడానికి క్షణాలే ఉన్నాయి. ఒళ్లు వేడెక్కించుకోవాల్సిన సమయమంతా ఏడుపులో పోయింది. మామూలుగా ఆ పిల్లను దాటగలిగినవాళ్లు ఆ మైదానంలో లేరు. ఆ రోజు నాలుగోది అయింది.

ఇక్కడ ఎదుటివాళ్ల మాట కూడా చెప్పాలి. టోక్యోలో పోల్ వాల్ట్ బంగారం గెలిచిన అమెరికా అమ్మాయి కేటీ మూన్, కురచ దుస్తు నాకు ఇష్టమేనని నిక్కచ్చిగా అంది. చెమటకు గుడ్డ ఒంటికి అంటుకుని చిరాకు పెడుతుందట, తక్కువ గుడ్డ ఉంటే ఒళ్లు తేలిగ్గా ఉంటుందట. తన ఇష్టాన్ని తప్పు పట్టడమూ ఆడవాళ్ల మీద పెత్తనమేనంది. నేను ఒప్పుకుంటాను. మా కరిసల్ నల్లరేగడి నేల మీద మే నెల ఎండలో ప్రాక్టీసు చేయించినదాన్ని, తొడ దాకా బట్ట వద్దనుకునే పిల్ల ఒళ్లు ఏం చెబుతోందో నాకు అర్థమవుతుంది. కురచగా తొడుక్కున్న పిల్లను బరితెగించిందనే వాళ్లకు, నిండుగా తొడుక్కున్న పిల్లను వెనకబడ్డదనే వాళ్లకు నా జవాబు ఒకటే. వాళ్లిద్దరి చూపూ ఆ పిల్ల ఒంటి మీదే ఉంది, స్టాప్‌వాచ్ మీద లేదు.

కానీ ఇష్టం అనే మాట వాడేముందు ఆ ఇష్టం ఎవరికి సాధ్యమో చూడాలి. ఒలింపిక్ బంగారం గెలిచిన మనిషి కంపెనీని ఫోన్లో పిలిచి ఫలానాది పంపించండి అనగలదు. పదిహేనేళ్ల పిల్లకు ఆ నోరు ఎక్కడిది? మొదటిసారి జట్టులోకి వచ్చింది, కోచ్ ఎదుట తలెత్తి మాట్లాడదు, సంచిలోంచి తీసి చేతిలో పెట్టింది తొడుక్కుంటుంది. ఆమె ఊరుకోవడాన్ని ఇష్టం కింద రాసేసుకుంటారు.

బట్ట ఎక్కువైందనే పెత్తనం, తక్కువైందనే పెత్తనం, తెలుగునాట ఈ రెండిటి దెబ్బా తగిలింది. 2005లో హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు దాకా వెళ్లింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లే. ఆ సెప్టెంబరులోనే ఆమె టెన్నిస్ దుస్తులు తగవని ఒక మతపెద్ద ప్రకటించాడు. కోల్‌కతాలో ఆడటానికి వెళితే పోలీసు కాపలా పెంచాల్సి వచ్చింది. ఆమె బలం ఏమిటో, ఫోర్‌హ్యాండ్ ఎట్లా కొడుతుందో రాయాల్సిన పేపర్లు కొన్నాళ్లు గౌను పొడవు గురించి రాశాయి. ఆరేళ్ల తర్వాత, 2011లో, బ్యాడ్మింటన్ ప్రపంచ సమాఖ్య దానికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వచ్చింది. పెద్ద టోర్నమెంట్లలో ఆడవాళ్లంతా ఇక స్కర్టులే వేసుకోవాలి, నిక్కరు కావాలంటే స్కర్టు లోపల వేసుకోండి అంది. ఆట చూడముచ్చటగా ఉండాలన్నది వాళ్లు చెప్పిన కారణం. గోపీచంద్ అకాడమీలో తెల్లవారకముందే లేచి చెమటోడ్చే అమ్మాయిలకు ఈ నిబంధనతో ఒక్క పాయింటైనా కలిసొస్తుందా? దేశదేశాల నుంచి వ్యతిరేకత వచ్చాక 2012లో వెనక్కి తగ్గారు. మతపెద్దది ఒక మాట, సమాఖ్యది ఒక మాట. ఒకరు కప్పమన్నారు, ఒకరు చూపించమన్నారు. ఆడేది వాళ్లిద్దరూ కాదు.

మా వైపు తెలుగువాళ్లలో ఈ భయం ఎంత లోతుగా ఉందో చెప్పాలంటే మా వలస కథ చెప్పాలి. ఈ కరిసల్ సీమకు మా పూర్వీకులు ఎందుకొచ్చారని ఏ ఇంట్లో అడిగినా ఇంచుమించు ఒకే కథ చెబుతారు. ఒక చక్కని పిల్ల, ఆమె మీద కన్నేసిన ఒక ఏలిక, పిల్లను ఇవ్వలేక రాత్రికి రాత్రి ఊరొదిలిన బంధుబలగం, దారికి అడ్డొచ్చిన ఏరు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. 1976లో తమిళంలో వచ్చిన ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో ముసలవ్వ చెప్పేది కూడా ఇలాంటి కథే. నా చిన్నప్పుడు మా అవ్వ నాకు చెప్పింది. ఆడపిల్ల అందం పరాయి కంట పడితే వంశమంతా మూటాముల్లె కట్టుకోవాల్సి వస్తుందని పాలతో పాటే నేర్చుకున్న జనం మేం. మైదానంలో కూతురు నిక్కరుతో నిలబడితే తండ్రి ఒంట్లో పుట్టే దడ వెనక ఇన్ని వందల ఏళ్ల భయం ఉంది. దాన్ని నేను ఎగతాళి చేయను. ఆ కథలో ఇంకొకటి కూడా ఉంది. బంధుబలగం అంతా పిల్లను అప్పగించకుండా, పిల్ల పక్షాన నిలబడింది. ఆస్తి వదిలేశారు, నేల వదిలేశారు, పిల్లను వదల్లేదు. మాకు వారసత్వంగా తీసుకోవాల్సింది ఆ అండను.

ఆ అండ ఉన్నచోట ఏం జరుగుతుందో దూరం పోకుండానే చూడొచ్చు. మదురై దగ్గరి సక్కిమంగలంలో వీరమణి రేవతి చిన్నప్పుడే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది. కూలిపని చేసిన అమ్మమ్మ పెంచింది. ఆడపిల్లకు ఆటలేమిటని అయినవాళ్లు అన్న మాటలన్నీ ఆ ముసలావిడ కాచుకుంది. బూట్లు కూడా లేకుండా వట్టి కాళ్లతో పరుగెత్తిన ఆ పిల్ల 2021లో టోక్యోలో మిక్స్‌డ్ రిలే జట్టులో దేశం తరఫున పరుగెత్తింది. కోవిల్‌పట్టికి వెళ్లినా తెలుస్తుంది. అక్కడ హాకీ తరతరాల అలవాటు. నిక్కర్లు, పొడుగు సాక్సులు వేసుకుని భుజాన కర్రలతో ఆడపిల్లలు రోడ్డు దాటుతుంటే టీ కొట్టు దగ్గర ఒక్క తలా తిరగదు. అలవాటు పడ్డ కంటికి ఆట కనిపిస్తుంది. మా తిరుచ్చులిలో ఆ అలవాటు ఇంకా రావాలి.

ఎందుకంటే మాకు పిల్లలు ఆటకు దూరమయ్యేది పోటీల్లో కాదు, ఎనిమిదో తరగతికీ తొమ్మిదో తరగతికీ మధ్య. "టీచరమ్మా, పిల్ల పెద్దమనిషైంది గదా, ఇంక ఎగరడం దుమకడం వద్దులేమ్మా" అని తల్లి వచ్చి చెబుతుంది. అంతకు ముందు నెల దాకా బడిలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన పిల్ల తల్లి వెనక తలొంచుకుని నిలబడి ఉంటుంది. చాలామంది తల్లులతో కూర్చుని మాట్లాడాను. సూటిగా అడిగితే వాళ్లకు పరుగు మీద కోపం లేదు. బట్ట మీద, నలుగురి చూపు మీద, ఒంటి మీద మరక మీద భయం. పైకి చెప్పుకోలేనివి ఈ మూడే. అమెరికా వాళ్లు తుంటి దగ్గర కోత గురించి మాట్లాడుకుంటుంటే, మా పిల్లల అసలు అవసరాల గురించి ఎవరూ నోరెత్తడం లేదు. అవేమిటో నేనే చెబుతాను, పెద్దలు మన్నించి వినాలి.

మొదటిది స్పోర్ట్స్ బ్రా. ఆ పేరు పత్రికలో రాయడానికి సిగ్గుపడితే పిల్లలకు ఆట ఉండదు. ఎదిగే వయసులో పరుగెత్తితే రొమ్ములు కదిలి నొప్పి పుడుతుంది. అందుకు తోడు చూసేవాళ్ల చూపు. పిల్ల ఏం చేస్తుంది? భుజాలు ముందుకు ముడుచుకుని గూనిగా పరుగెత్తుతుంది. ఛాతీ విప్పకపోతే ఊపిరి చాలదు, చేతులు ఊగవు, అంగ కురచైపోతుంది. చురిదార్ మీద చున్నీని ఎక్స్ గుర్తులా అడ్డంగా కట్టి నడుము దగ్గర ముడేసుకుని 200 మీటర్లు పరుగెత్తిన పిల్లలు నాకు లెక్కలేనంత మంది. బిగించి కట్టిన ఆ చున్నీ కింద ఊపిరి ఎట్లా ఆడుతుంది? మంచి స్పోర్ట్స్ బ్రా కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పతకాలకు, ముఖ్య అతిథుల శాలువాలకు, ఫ్లెక్సీ బోర్డులకు అయ్యే డబ్బుతో ఒక బడిలోని పిల్లలందరికీ కొనివ్వొచ్చు.

రెండోది నెలసరి. తెల్ల నిక్కరు, లేత రంగు నిక్కరు ఆడపిల్లలకు శిక్ష. ఇది పల్లెటూరి చాదస్తమని ఎవరైనా అంటే వాళ్లకు 2023 సంగతి చెప్పండి. ఆ ఏడాది ఐర్లండ్ ఆడవాళ్ల రగ్బీ జట్టు తెల్ల నిక్కర్లు మానేసి ముదురు నీలానికి మారింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అమ్మాయిలు ప్రపంచకప్‌కు నీలం నిక్కర్లతో వెళ్లారు. అణువణువూ తెలుపే ఉండాలని పట్టుబట్టే వింబుల్డన్ సైతం ఆడవాళ్లు లోపల ముదురు రంగు నిక్కరు వేసుకోవచ్చని మొదటిసారి ఒప్పుకుంది. ఆ దేశాల్లో అన్ని సౌకర్యాలూ ఉన్న ఆడవాళ్లకే ఆ బెంగ ఉంటే, మైదానంలో మరుగుదొడ్డి కూడా లేని మా పిల్లల సంగతి ఏమిటి? మా ప్రభుత్వం పుదుయుగం పథకం కింద బడుల్లో నాప్‌కిన్లు పంచుతోంది. మంచి పనే. పోటీలు జరిగే చోట కూడా అవి ఉండాలి, మార్చుకోవడానికి తలుపూ గడియా ఉన్న గది ఉండాలి.

మూడోది ఫోను. ఇదివరకు మైదానం చుట్టూ ఉన్నవాళ్లు చూసేవాళ్లు, ఇంటికి పోయేవాళ్లు. ఇప్పుడు బ్లాక్స్ వెనక నేల మీద కూర్చుని వీడియో తీసేవాళ్లున్నారు. పిల్ల నడుము వంచి "సెట్" అన్న మాట కోసం ఎదురుచూస్తున్నప్పుడు వెనక నుంచి ఏం తీస్తున్నారో, అది ఏ గ్రూపుల్లో తిరుగుతుందో ఆ పిల్లకు తెలుసు. జపాన్‌లో ఈ బాధ భరించలేక అథ్లెట్లు మొరపెట్టుకుంటే 2020లో అక్కడి ఒలింపిక్ కమిటీ, క్రీడాసంఘాలు కలిసి దాని మీద పోరు మొదలుపెట్టాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో బట్ట లోపలికి ఫొటోలు తీస్తున్నారని, పారిస్ ఒలింపిక్స్‌కు ఆ కిరణాలను అడ్డుకునే గుడ్డను మిజునో కంపెనీ నేయించింది. టోక్యో ఒలింపిక్స్ ప్రసారాలు నడిపిన సంస్థ కూడా, ఆడవాళ్ల ఒంటిని దగ్గరికి లాగి చూపించొద్దని తన కెమెరావాళ్లకు చెప్పింది. అంత పెద్ద చోట సాధ్యమైంది మా జోనల్ పోటీల్లో సాధ్యం కాదా? బ్లాక్స్ వెనక, లాంగ్ జంప్ గుంత ఎదుట, హైజంప్ పరుపు పక్కన ఎవరూ ఫోను పట్టుకుని నిలబడకూడదని ఒక తాడు కట్టి, ఒక టీచరును నిలబెడితే చాలు. నిక్కరు పొడవు గురించి బెంగపడే పెద్దలు ముందు ఆ తాడు దగ్గరికి రండి. చూపు తప్పుడుదైతే చీలమండల దాకా కప్పినా ఆగదు. చురిదార్లో పరుగెత్తిన పిల్లల వీడియోలు కూడా తిరిగాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్ల మోకాలి దాకా టైట్స్ కావాలంటే కొనివ్వండి, అందువల్ల వేగం తగ్గదు. పొట్టి నిక్కరు కావాలంటే అదీ కొనివ్వండి, అందువల్ల మీ పరువుకు వచ్చిన లోటేమీ లేదు. ఏది తొడుక్కున్నా పోటీ రోజు గ్యాలరీలో మీరు కూర్చుని ఉండండి. తండ్రి కూర్చున్న గ్యాలరీలో పనికిమాలిన కూతలు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

బడులకు, జిల్లా క్రీడాశాఖకు నేను అడిగేది ఒక కాగితం. టోకున ఒకే సైజు, ఒకే కోత నిక్కర్లు కొని పంచే పద్ధతి మానేయాలి. జట్టు రంగు ఒకటే ఉండనివ్వండి. అందులో పొట్టి నిక్కరు, తొడ దాకా టైట్స్, చీలమండల దాకా టైట్స్, చేతుల చొక్కా, చేతులు లేని బనీను ఉండాలి. అన్నీ ముదురు రంగువే. తలకు గుడ్డ కట్టుకునే పిల్లకు అదే రంగు గుడ్డ. ఒక్కోదాని బొమ్మ ఆ కాగితం మీద ఉండాలి. పిల్ల దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తనకేది కావాలో తన చేతిరాతతో రాసి, మడిచి, ఆడ టీచరుకు ఇవ్వాలి. నెల తర్వాత మనసు మారితే మళ్లీ రాయొచ్చు. గీత దగ్గర నిలబడే అధికారులకు కూడా ఆ జాబితా ముందే ఇవ్వాలి, ఫలానాది యూనిఫాం కాదని ఎవరూ పిల్లను వెనక్కి పంపకుండా. జూన్‌లో బడులు తెరవగానే కాగితాలు పిల్లల చేతికి వెళ్లాలి. జోనల్ పోటీలు ఆ తర్వాత ఎంతో కాలం ఆగవు, అరుప్పుకోట టైలర్లకు నెల రోజుల గడువైనా కావాలి.